భూమి బెడ్డ

పెద్దమ్మ చేసిన ఆఖరి పని ఒక దీర్ఘం పెట్టడం.

ఆ ఉదయం ఎవరో కొత్త స్కూలువాళ్ళు న్యూస్‌పేపర్లో పెట్టి పంచిన కరపత్రం కాఫీ గ్లాసు పక్కన పడి ఉంది. "మీ పిల్లల బంగారు భవితకు గట్టి పునది" అని అచ్చేశారు. పెద్దమ్మ ఒకసారి చూసింది, మొహం అటు తిప్పుకుంది, ఉండబట్టలేక మళ్ళీ చూసింది. "దీవెనా, ఆ పెన్సిలిలా ఇవ్వు" అంది. ఇచ్చాను. న పక్కన దీర్ఘం పెట్టి, మార్జిన్లో ఒక చిన్న గీత గీసి, కరపత్రాన్ని పాత పేపర్ల కట్ట మీద పెట్టింది. "పునాదే ఇలా ఉంటే పైన ఏం కడతారు వీళ్ళు" అని గొణుక్కుంటూ కాఫీ తాగింది. నేను పాఠం చెప్పడానికి కాలేజీకి బయల్దేరాను. మధ్యాహ్నం పక్కింటావిడ ఫోన్ చేసేసరికి అంతా అయిపోయింది. పడక్కుర్చీలో నిద్రపోతున్నట్టే ఉందట. కళ్ళజోడు బీరువా మీద, దాని డబ్బాలోనే ఉంది.

ఆవిడ పేరు నాగమల్లేశ్వరి. ఉయ్యూరు పక్కన చెరుకు పండించే ఇంట్లో పుట్టింది. పెళ్ళయిన కొత్తల్లోనే భర్త పోయాడు. అన్నగారింట్లో కూర్చుని తినడం ఇష్టం లేక విజయవాడ వచ్చి, గవర్నర్‌పేటలో హనుమయ్య గారి ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేరింది. పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు తప్పులు దిద్దే పని. "మల్లేశ్వరి గారు చూశారా? అయితే మిషనెక్కించెయ్" అనేవారు హనుమయ్య గారు. ఆ మాట ఆవిడకు జీతం కన్నా ఎక్కువ.

నాకూ ఆవిడకూ రక్తసంబంధం లేదు. నన్ను కన్న తల్లి శౌరమ్మ. అదే ప్రెస్సులో, కింద బైండింగు గదిలో అచ్చయిన ఫారాలు మడతపెట్టేది. నాన్న ఎటో వెళ్ళిపోయాడు. అమ్మ కామెర్లతో పోయేనాటికి నాకు సరిగ్గా ఊహ తెలియదు. సమాధుల దగ్గర్నుంచి తిరిగొచ్చాక, నన్నెవరు తీసుకెళ్ళాలా అని అమ్మ తరఫు వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే, పెద్దమ్మ "మీరు తేల్చుకునేదాకా నా దగ్గరుంటుంది" అని రిక్షా ఎక్కించేసిందట. వాళ్ళు ఎన్నటికీ తేల్చుకోలేదు.

మాచవరంలో మాది రెండు గదుల వాటా. నా పేరు మార్చలేదు, నా ప్రార్థన మార్చలేదు. ఆదివారం గుణదల గుడికి తీసుకెళ్ళి, పూజ అయ్యేదాకా మెట్ల మీద కూర్చుని ప్రూఫులు దిద్దుకునేది. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు నాకంటే ముందు తనే కొవ్వొత్తులు కొనేది. "మీ అమ్మ ఏటా వెలిగించేది. నువ్వు మానకూడదు" అనేది.

ఒక్క మాట మాత్రం ఆవిడ నోటివెంట రాలేదు. ఎవరైనా నన్ను చూసి "మీ అమ్మాయా అండీ?" అని అడిగితే, "దీవెనండి. శౌరమ్మ కూతురు" అనేది. స్కూల్లో అదే, రేషన్ షాపులో అదే, ఉయ్యూరులో తన సొంత అన్నగారింట్లోనూ అదే. అది చిన్నతనంగా చెప్పిన మాట కాదు. శౌరమ్మ అనే పేరును ఆవిడ నిదానంగా, ఒత్తి పలికేది. కానీ నేను అలాంటి ప్రశ్న వినిపించినప్పుడల్లా ఊపిరి బిగబట్టేదాన్ని. ఈసారన్నా "అవునండీ, మా అమ్మాయే" అంటుందేమోనని. అనేది కాదు. నేను ఊపిరి వదిలేదాన్ని.

మా సాయంత్రాలు కాపీ చదవడంలో గడిచేవి. రచయిత రాసిన మూలప్రతిని ప్రెస్సులో కాపీ అంటారు. ఒకరు కాపీని పైకి చదువుతుంటే, ఇంకొకరు అచ్చుతీసిన కాగితాన్ని అక్షరం అక్షరం పోల్చుకుంటారు. చదివేవాళ్ళు కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పలకాలి. అనుమానం వచ్చే మాట దగ్గర గుణింతం విడగొట్టి చెప్పాలి. చదవడం వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో కాపీ చదివేది నేనే. మెల్లగా ఆ అలవాటు మా మాటల్లోకీ ఎక్కేసింది.

"అన్నం తిన్నావా ప్రశ్నార్థకం" అని అడిగేది వంటింట్లోంచి.

"తిన్నాను కామా పెరుగు లేదు ఫుల్‌స్టాప్."

"లేస్తావా లేవవా ఆశ్చర్యార్థకం!" అని దుప్పటి లాగేది పొద్దున్నే. కింద వాటా వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో సూర్యప్రకాష్ గారి పుస్తకం వచ్చింది. ఆయన కాలేజీలో జియాలజీ చెప్పి రిటైరయ్యారు. చంద్రుడు ఎలా పుట్టాడన్న దాని మీద పిల్లల కోసం రాశారు. మనిషి సన్నగా, గొంతు లావుగా ఉండేది. రాతప్రతి ఇచ్చేటప్పుడే హనుమయ్య గారితో, "చూడండి, దీంట్లో పాలసముద్రం లేదు, మామా లేడు. రాయికి వరసలేమిటండీ? ఒక్క అక్షరం మారినా నేనొప్పుకోను" అన్నారట. పెద్దమ్మ ఇంటికొచ్చి ఆయన గొంతుతో చెప్పి చూపించింది.

ఆ పుస్తకం నాకు నచ్చింది. పాత సిద్ధాంతాలు మూడూ వరసగా పెట్టి, ఒక్కోదాన్నీ నిలబెట్టి పడగొట్టేవారు. మొదటిది, భూమి మెత్తగా ఉన్న రోజుల్లో కుమ్మరి సారెలా గిరగిరా తిరుగుతుంటే ఓ ముక్క ఎగిరిపోయి చంద్రుడైందనేది. అంత జోరుగా తిరిగి ఉంటే ఆ జోరు ఇవాళ్టి భూమికీ చంద్రుడికీ మధ్య ఎక్కడో కనిపించాలి కదా, ఏదీ అని అడిగారు. రెండోది, ఒకే పిండితో పక్కపక్కన పోసిన రెండు అట్లలా రెండూ కలిసి పుట్టాయనేది. అలాగైతే భూమి కడుపునిండా ఇనుము ఉండి, చంద్రుడికి పిసరంత ఎందుకు దక్కిందన్నారు. నేను ఉత్సాహంగా చదువుతూ మూడోదానికి వచ్చాను.

"దారిన పోతున్న చంద్రుణ్ణి భూమి లాగి కామా తన చుట్టూ తిప్పుకుంది ఫుల్‌స్టాప్" అని చదివి ఆగిపోయాను.

"ఊఁ, తర్వాత?" అంది పెద్దమ్మ.

"అంటే ఎక్కడిదో తెచ్చి పెట్టుకున్నదా పెద్దమ్మా?"

"కింది పేరాలో కొట్టేశారు చూడు. బ్యారేజీ మీద దూసుకుపోయే లారీని పక్కన నిలబడ్డవాడు చెయ్యి పట్టుకుని ఆపగలడా అన్నారు. అంత వేగంగా పోయేదాన్ని పట్టుకోవడం కుదరదట."

"మరి నన్నెలా పట్టుకున్నావు?"

పెద్దమ్మ తల ఎత్తలేదు. "నువ్వు వేగంగా పోయే రకమా? పొద్దున్నే లేపడానికే నా ప్రాణం పోతుంది. 'తన చుట్టూ' తర్వాత 'శాశ్వతంగా' అని ఉంది, మింగేశావు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. శాశ్వతంగా.

చివరి అధ్యాయం ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న సిద్ధాంతం. భూమి పుట్టిన కొత్తల్లో ఇంచుమించు అంగారకుడంత గ్రహం ఒకటి వచ్చి ఏటవాలుగా గుద్దింది. దానికి శాస్త్రవేత్తలు థియా అని పేరు పెట్టుకున్నారు. ఆ దెబ్బకు థియా మిగల్లేదు, పాత భూమీ మిగల్లేదు. వచ్చిన గ్రహంలోని ఇనుము భూమి కడుపులోకి దిగిపోయింది. రెండింటి పైపొరలూ కరిగి, ఆవిరై, భూమి చుట్టూ చక్రంలా తిరిగి, చల్లారి, ముద్దకట్టి చంద్రుడైంది. చంద్రుడి మీంచి తెచ్చిన రాళ్ళను పరీక్షిస్తే భూమి రాళ్ళతో అచ్చంగా కలిశాయి. "చంద్రుడిలో ఎక్కువ పాలు థియా మట్టే ఉండాలని లెక్కలు చెబుతాయి. కాదు, మేం భూమికి చెందినవాళ్ళమే అని రాళ్ళు చెబుతాయి. ఏది ఎవరి మట్టో ఇవాళ ఎవరూ విడదీయలేరు" అని రాశారాయన.

పెద్దమ్మ పెన్సిలు ఆగింది. "ఇది బాగుంది" అంది. ప్రూఫు చూస్తూ ఏ పుస్తకాన్నీ బాగుందనగా నేను వినలేదు. బాగోగులు చూస్తే తప్పులు కనిపించవని ఆవిడ నమ్మకం.

అప్పటికి చివరి పంక్తి మిగిలింది. "కాబట్టి పిల్లలూ కామా చంద్రుడు మనకు మామా కాదు కామా దేవుడూ కాదు ఫుల్‌స్టాప్. చంద్రుడు భూమి బిడ్డ ఫుల్‌స్టాప్" అని గట్టిగా చదివేశాను. నవ్వుకూడా వచ్చింది నాకు.

"ఏదీ, మళ్ళీ చూడు" అంది పెద్దమ్మ.

"బిడ్డ."

"సరిగ్గా చూసి చెప్పు. గుడా, ఎత్వమా?"

చూశాను. ఆయన చేతిరాతలో బ మీద ఉన్నది గుడి కాదు. "బకి ఎత్వం, డకి డ వత్తు" అన్నాను. "బెడ్డ. బెడ్డంటే ఏంటి పెద్దమ్మా?"

"మట్టిగడ్డ. దున్నిన చేలో లేస్తుంది" అంది. ప్రెస్సు కుర్రాడు బంగార్రాజు కంపోజ్ చేసిన కాగితం మీద కూడా బెడ్డ అనే ఉంది. దాని పక్కన టిక్కు పెట్టి, నా మొహంకేసి ఒక్క క్షణం చూసి, కాగితాలు సర్దేసింది.

ఆ వారమే ఉయ్యూరులో పెద్దమ్మ అన్నగారి ఇంట్లో గృహప్రవేశం. భోజనాలయ్యాక చేలోకి తీసుకెళ్ళింది. చెరుకు కొట్టేసి, దున్ని, ఎండకు వదిలేసిన నల్లరేగడి. అడుగు తీసి అడుగు వేయనివ్వని గడ్డలు. వాటిలో ఒకటి ఎత్తి నా చేతిలో పెట్టింది. "ఇదే బెడ్డ. చిన్నప్పుడు మేం కర్రలతో చితక్కొట్టేవాళ్ళం. గట్టిగా ఉందనుకుంటాం గానీ నీళ్ళు తగిలితే మళ్ళీ ఈ చేలో మట్టే." ఆ చేలో నడుస్తుంటే పెద్దమ్మ వయసు సగం తగ్గిపోయేది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని గట్టుమీంచి గట్టుకు దాటేది. పంచదార ఫ్యాక్టరీ వైపునుంచి వచ్చే ఆ పుల్లటి తీపి వాసనను గుండెనిండా పీల్చి "ఇదీ మా ఊరి సెంటు" అనేది. ఇప్పటికీ ఉయ్యూరు మీదుగా బస్సులో వెళ్తే నేను కిటికీ తెరుస్తాను.

ఇంటికి తిరిగొచ్చేసరికి వరండాలో కొత్త చుట్టాలు కొందరు కూర్చుని ఉన్నారు. అందులో ఒకావిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఈ పిల్లెవరు మల్లేశ్వరీ? మీ అమ్మాయా?" అంది.

"దీవెన వదినా. శౌరమ్మ కూతురు."

"శౌరమ్మంటే?" అని ఆవిడ పక్కావిడను అడిగింది. పక్కావిడ గొంతు తగ్గించి, అయినా నాకు వినపడేలా, "ఎక్కడిదో తెచ్చి పెంచుకుంటోందిలే. రేపు రెక్కలొస్తే ఉంటుందా?" అంది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పొద్దు వాలుతోంది. బందరు కాలువ అవతల, అరటితోటల మీదుగా చంద్రుడు అప్పుడే పైకొస్తున్నాడు. "అటు చూడవే, ఎంత ఎర్రగా ఉన్నాడో చందమామ" అంది పెద్దమ్మ.

"మామ కాదు, బెడ్డ" అన్నాను. "పుస్తకంలో అంతే కదా. పగిలి పడ్డ బెడ్డ."

ఆవిడ కామా కూడా పెట్టలేదు. బెంజి సర్కిల్ వచ్చేదాకా నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పుస్తకం ఆవిష్కరణ ఓ లైబ్రరీ హాల్లో జరిగింది. నన్నూ తీసుకెళ్ళింది. ముఖ్య అతిథిగా వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టరుగారు పుస్తకం చివరి పేజీ తెరిచి, గొంతు సవరించుకుని, "చంద్రుడు భూమి బిడ్డ! ఆహా, సూర్యప్రకాష్ గారూ! సైన్సులో ఇంత ఆర్ద్రతా?" అన్నారు. చప్పట్లు మోగాయి. వేదిక మీద సూర్యప్రకాష్ గారి మొహం చూడాలి. నవ్వాలా లేచి అరవాలా తెలియక, ముందు పెట్టిన మంచినీళ్ళన్నీ తాగేశారు.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సుకొచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"బెడ్డండీ! బెడ్డ! జియాలజీ చెప్పినవాణ్ణి, బెడ్డకీ బిడ్డకీ తేడా తెలియనివాణ్ణా?"

"జనానికి నచ్చింది కదండీ సార్" అన్నారు హనుమయ్య గారు, చేతులు నలుపుకుంటూ.

"నచ్చడం వేరు, నిజం వేరు! వరసలొద్దని పుస్తకమంతా మొత్తుకుని, చివర్లో నేనే వరస కలిపానా? నలుగురూ ఏమనుకుంటారు?"

హనుమయ్య గారు బంగార్రాజు వైపు తిరిగారు. బంగార్రాజు కంప్యూటర్ ముందు కూర్చుని కంపోజింగ్ చేసేవాడు. కైకలూరు దగ్గర కొల్లేటి ఊరి కుర్రాడు, అప్పటికి పెళ్ళయి ఏడాది. వాడు నోరు తెరిచేలోగా పెద్దమ్మ లేచి నిలబడింది.

"వాడి తప్పు కాదండీ. పేజీలు సర్దేటప్పుడు మారిపోయి ఉంటుంది. ఫైనల్ ప్రూఫులో పట్టుకోవాల్సింది నేను. ఈమధ్య కళ్ళు సరిగ్గా ఆనడం లేదు."

మల్లేశ్వరి గారు చూసిన పుస్తకంలో తప్పు. అదీ ఆఖరి పంక్తిలో. సూర్యప్రకాష్ గారు కూడా చల్లబడి, "సర్లేండమ్మా, వయసు ఎవర్ని వదిలింది" అన్నారు. ఆ జాలి కన్నా తిట్టే నయమనిపించింది నాకు.

తప్పు సవరణ చీటీలు అచ్చేయించారు. మైదా జిగురు ఉడికించి, పుస్తకాల కట్టలు ఇంటికి తెచ్చి, చివరి పేజీల్లో చీటీలు అంటించింది నేనూ పెద్దమ్మా. "చివరి పంక్తిలో 'బిడ్డ' కాదు, 'బెడ్డ' అని చదువుకోవలెను." అదే వాక్యం, పుస్తకం తర్వాత పుస్తకం. అంటిస్తూ అంటిస్తూ నాకు ఏడుపొచ్చింది. జిగురు వాసనకని చెప్పాను. పెద్దమ్మ ఒక పుస్తకం తీసి పక్కన పెట్టింది.

"దానికి అంటించొద్దు."

"ఎందుకు?"

"ఫైలు కాపీ. ఒకటి ఉండాలి" అంది. తర్వాత దాన్ని నా పుస్తకాల అరలో చూశాను. అట్ట పాడైపోయి, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత హనుమయ్య గారు ఆవిడను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించారు. ఆ వయసులో అందరికీ ఉండేదే అని డాక్టరు ఏదో చిన్న నంబరు రాసిచ్చారు. ప్రెస్సులో ఉన్నంతసేపూ ఆ కళ్ళజోడు పెట్టుకునేది. ఇంటికి రాగానే డబ్బాలో పెట్టేసేది. "పెట్టుకోవచ్చుగా పెద్దమ్మా" అంటే, "ముక్కు మీద బరువే" అనేది. పుస్తకాల పని మెల్లమెల్లగా ఎవరో కొత్త అబ్బాయికి వెళ్ళిపోయింది. ఆవిడకు శుభలేఖలూ కరపత్రాలూ మిగిలాయి. శుభలేఖ ముందు ఆవిడ ఎంతసేపని కూర్చుంటుంది? ఒక్క నిమిషంలో అయిపోయేది. మిగతా పొద్దంతా కిటికీలోంచి కొత్త అబ్బాయి బల్ల వైపు, దాని మీది ప్రూఫుల దొంతర వైపు చూస్తూ ఉండేది. కొన్నాళ్ళకు మానేసింది. అడిగితే, "ఇంక చాల్లే. కళ్ళు కాపాడుకోవాలిగా" అని నవ్వేసింది.

విచిత్రమేమంటే, ఆ చిన్న పుస్తకం స్కూళ్ళలో బాగా వెళ్ళింది. పిల్లలు సైన్సు ఫెయిర్లలో అట్టల మీద పెద్దగా రాసి పెట్టేవారు: చంద్రుడు భూమి బిడ్డ. చీటీని ఎవరూ లెక్కచేయలేదు. రెండో ముద్రణకు వచ్చినప్పుడు సూర్యప్రకాష్ గారే, "ఉండనివ్వండి, ఇప్పుడు మారిస్తే నన్నే తప్పంటారు" అన్నారట. ఆ ముద్రణ ప్రూఫు చూసింది కొత్త అబ్బాయి.

పెద్దమ్మ పోయాక ఉయ్యూరు నుంచి అన్నగారి పిల్లలు వచ్చి కార్యక్రమం జరిపించారు. పద్ధతిగానే చేశారు, నన్ను ముందు నిలబెట్టారు. పంతులుగారు "ఈ అమ్మాయి ఏమవుతుంది?" అని అడిగితే అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచేసరికి, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, "దీవెనండి. శౌరమ్మ కూతుర్ని" అని వచ్చేసింది.

పెద్దకర్మ రోజు బంగార్రాజు వచ్చాడు. కైకలూరులో సొంతంగా ఫ్లెక్సీల షాపు పెట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. ఫోటోకి దండ వేసి, దాని కింద మేం రాయించిన పేరును వేలితో ఒక్కో అక్షరం తడిమి చూశాడు. "తప్పుల్లేవులే. ఉంటే ఊరుకునేది కాదు" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు.

భోజనం చేయనన్నాడు. కాఫీ ఇస్తే పక్కన పెట్టుకున్నాడు.

"అమ్మా దీవెనా, ఎవరికీ చెప్పనని ఆవిడకి మాటిచ్చానమ్మా. ఇప్పుడింక చెప్పొచ్చనుకుంటున్నా. ఆ చంద్రుడి పుస్తకం గుర్తుందా?"

"ఉంది."

"మీరు ఉయ్యూరు వెళ్ళొచ్చిన మర్నాడు. సోమవారం. ఫైనల్ ప్రూఫు పట్టుకుని నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. ఎప్పుడూ కాగితం మీద దిద్ది పంపేదా, ఆ రోజు తనే వచ్చింది. 'బంగార్రాజూ, ఆఖరి లైను తియ్యి' అంది. తీశాను. 'అక్కడ ఎత్వం తీసేసి గుడి పెట్టు' అంది. నేనన్నాను, 'మేడం, కాపీలో బెడ్డనే ఉందండీ, ఆయనసలే కోపిష్టి' అని."

కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకుని, తాగకుండా, ఆవిడ ఫోటోకేసి చూశాడు.

"'నాకు తెలుసయ్యా, దిద్దింది నేనేగా' అంది. 'గుడి పెట్టు' అంది."